కాలు తీసేస్తే జబ్బు పోతుందా? కుక్కల ఎముక క్యాన్సర్‌లో రెండు వేర్వేరు లెక్కలు

మా ఎదురింటి రాజా పసుపురంగు లాబ్రడార్. 8 ఏళ్ళు, 34 కిలోలు. సంక్రాంతి వెళ్ళాక ఎడమ ముందుకాలు కుంటడం మొదలెట్టాడు. మెట్ల మీంచి దూకుతాడు కదా, బెణికి ఉంటుందనుకున్నారు. మొదట చూసిన పశువుల డాక్టరు కూడా అదే అని నొప్పి మాత్రలు రాశాడు. వేసినన్నాళ్ళూ తగ్గేది, ఆపగానే తిరగబెట్టేది. ఉగాదికి వారం ముందు మణికట్టు పైన నిమ్మకాయంత వాపు తేలింది. అప్పుడు తీశారు ఎక్స్‌రే.

ఆ సాయంత్రం పెద్ద ఆస్పత్రిలో డాక్టరు మాట పూర్తికాకముందే రాజాని పెంచుకునే పిన్నిగారు అడిగేశారు: "అయితే కాలు తీసేస్తే జబ్బు పోయినట్టేనా డాక్టర్ గారూ?"

ఆయన ఎక్స్‌రే ఫిల్మ్ కిందికి దించాడు. "నొప్పి పోతుందమ్మా. జబ్బు సంగతి వేరు."

ఈ రెండు మాటలూ కలగలిసిపోవడం వల్లే చాలా ఇళ్ళలో చిక్కు వస్తుంది. కాలు తీసిన ఆరు నెలలకు ఊపిరితిత్తుల్లో మచ్చలు కనబడితే "ఆపరేషన్ దండగ అయింది" అనుకునేవాళ్ళు ఒకరు. "ఎలాగూ పోయేదే కదా" అని ఆపరేషన్ వద్దని, కుక్కను విరగబోతున్న ఎముకతో నెలల తరబడి నడిపించేవాళ్ళు ఇంకొకరు. నిజానికి ఇక్కడ ఉన్నవి రెండు లెక్కలు: కాలిది ఒకటి, ఊపిరితిత్తులది ఒకటి. దేనికది విడిగా చూడాలి.

జబ్బు పేరు, దాని తీరు

దీన్ని ఆస్టియోసార్కోమా అంటారు. ఎముకను కట్టాల్సిన కణాలే అదుపు తప్పి, ఉన్న గట్టి ఎముకను తినేస్తూ, దాని చోట అడ్డదిడ్డంగా పెళుసు ఎముకను పోస్తూ పోతాయి. అందుకే ఎక్స్‌రేలో ఒకచోట చెదపట్టిన కర్రలా గుల్లగానూ, పక్కనే ముళ్ళు పొడుచుకొచ్చినట్టూ కనిపిస్తుంది. కుక్కల ఎముకలోనే పుట్టే క్యాన్సర్లలో సుమారు 85 శాతం ఇదే.

చిన్న జాతులకు అరుదు. గ్రేట్ డేన్, సెయింట్ బెర్నార్డ్, రాట్‌వైలర్, డాబర్‌మన్, జర్మన్ షెపర్డ్, లాబ్రడార్ లాంటి పెద్ద శాల్తీలకు ఎక్కువ. మామూలుగా 7, 8 ఏళ్ళ వయసులో బయటపడుతుంది. ఏడాదిన్నర, రెండేళ్ళ కుర్ర కుక్కల్లోనూ కొన్నిటికి వస్తుంది. వెనక్కాళ్ళలో కంటే ముందుకాళ్ళలో దాదాపు రెట్టింపు. పశువైద్య విద్యార్థులు ఒక సూత్రం గుర్తుపెట్టుకుంటారు: మోచేతికి దూరం, మోకాలికి దగ్గర. అంటే ముందుకాల్లో అయితే మణికట్టు పైనో భుజం దగ్గరో, వెనక్కాల్లో అయితే మోకాలికి అటో ఇటో.

బెణుకులూ కీళ్ళ అరుగుదలా వచ్చే చోట్లు కూడా ఇంచుమించు అవే. అందుకే మొదటి నెలలో పొరబడటం వింతేమీ కాదు. అయితే పెద్ద జాతి, నడివయసు దాటిన వయసు, ఒకే కాల్లో కుంటు, మాత్ర ఆపగానే తిరగబెట్టడం, ఈ నాలుగూ కలిసిన చోట ఎక్స్‌రే తీయకుండా మళ్ళీ మాత్రలే రాయడానికి నాకైతే కారణం కనబడదు.

ఎక్స్‌రేతో అనుమానం గట్టిపడుతుంది. ఖాయం చేసేది సూదితో తీసిన కణాల పరీక్షో, బయాప్సీయో. గుల్లబారిన ఎముకలోంచి ముక్క తీస్తే అక్కడే విరిగే భయం ఉంటుంది కనుక కొందరు డాక్టర్లు సన్నసూదితో సరిపెడతారు. కొందరు కాలు తీశాక ఆ ఎముకనే ల్యాబ్‌కి పంపిస్తారు.

కాలి లెక్క: ఆపరేషన్ ఎందుకు చేస్తారు

నొప్పి కోసం. ప్రధానంగా అందుకే.

ఈ నొప్పి కీళ్ళవాతం నొప్పి లాంటిది కాదు. ఎముక లోపలి నుంచి తరుగుతూ, కంటికి కనబడని పగుళ్ళు తీస్తూ ఉంటుంది. మామూలు నొప్పి మాత్రలు కొన్నాళ్ళు ఆదుకుంటాయి, తర్వాత చాలవు. ఒకరోజు గేటు దగ్గర తిరగబోయి ఆ ఎముక పటుక్కున విరగవచ్చు. అలా విరిగినదానికి కట్టు కట్టినా, ప్లేటు వేసినా అతకదు, అతకాల్సిన చోట క్యాన్సరే ఉంది కనుక. కాలు తీసేస్తే ఆ నొప్పి పుట్టే చోటే ఉండదు.

ముందుకాలైతే సాధారణంగా భుజం రెక్క ఎముకతో సహా తీసేస్తారు. వెనక్కాలైతే తుంటి కీలు దగ్గరో, తొడ పైభాగంలోనో. "కాస్త మొండి ముక్క ఉంచితే కృత్రిమ కాలు పెట్టుకోవచ్చు కదా" అని చాలామంది అడుగుతారు. మిగిలిన ముక్కను కుక్క ఆడిస్తూనే ఉంటుంది. గోడలకూ గడపలకూ తగిలి పుండ్లు పడతాయి. చుట్టూ కండ తగ్గాక ఎముక మొన తేలుతుంది. పైగా క్యాన్సర్ విషయంలో గడ్డకు ఎంత ఎడంగా కోస్తే అంత మంచిది. మూడు కాళ్ళతో కుక్కలు ఎలా నెట్టుకొస్తాయో మనవాళ్ళకు కొత్తగా చెప్పనక్కర్లేదు. బండి కింద పడి కాలు పోయిన వీధి కుక్క లేని పేట మన ఊళ్ళలో ఉండదు. అది చెత్తకుండీ దగ్గర నాలుగు కాళ్ళవాటిని తరిమి తరిమి కొడుతూ ఉంటుంది.

అయినా ప్రతి కుక్కా ఒకేలా తట్టుకోదు. ఎందుకో బరువు లెక్క చూస్తే తెలుస్తుంది. నిలబడ్డప్పుడు కుక్క బరువులో దాదాపు 60 శాతం ముందుకాళ్ళ మీద, 40 శాతం వెనక్కాళ్ళ మీద పడుతుంది. 34 కిలోల రాజాకి ఒక్కో ముందుకాలి మీద 10 కిలోల పైచిలుకు, ఒక్కో వెనక్కాలి మీద 7 కిలోలకు కాస్త తక్కువ. ఒక ముందుకాలు పోతే మిగిలినదాని మీద మొత్తం బరువులో సగానికి కాస్త తక్కువ పడుతుంది. అంటే 10 కిలోలు మోసే కాలు 15, 16 కిలోలు మోయాలి. అదే రాజా 5 కిలోలు అదనంగా ఒళ్ళు చేసి ఉంటే, అందులో రెండు కిలోల పైన ఆ ఒక్క మణికట్టు మీదే. ముద్దు కోసం పెట్టే నెయ్యన్నం ఇక్కడ లెక్కకొస్తుంది. వెనక్కాలు పోయిన కుక్కలు కాస్త తేలిగ్గా సర్దుకోవడం కూడా ఈ లెక్కలోంచి వచ్చిందే.

తుంటి కీళ్ళు బాగా అరిగిన, వెన్నెముక జబ్బున్న, విపరీతంగా లావెక్కిన కుక్కలకు ఆపరేషన్ ముందు డాక్టర్లు రెండుసార్లు ఆలోచించేది అందుకే. మన ప్రాంతంలో ఇంకో పరీక్ష కూడా తప్పదు. పిడుదుల వల్ల వచ్చే జ్వరం, ఎర్లికియా, ఇక్కడ సర్వసాధారణం. అది రక్తంలో ప్లేట్‌లెట్లను తగ్గిస్తుంది. అది చూసుకోకుండా కత్తి పెడితే రక్తం ఆగదు. తర్వాత కీమోలో ప్లేట్‌లెట్లు పడిపోతే మందు వల్లో, పిడుదుల వల్లో తేలక తలపట్టుకోవాలి.

ఊపిరితిత్తుల లెక్క: రెండు తొంభైలు

ఆపరేషన్‌కు ముందు రొమ్ముకు ఎక్స్‌రే తీస్తారు. సుమారు 90 శాతం కుక్కల్లో ఊపిరితిత్తులు శుభ్రంగా కనిపిస్తాయి. ఇంట్లోవాళ్ళు "హమ్మయ్య" అనుకుంటారు. కానీ సుమారు 90 శాతం కుక్కల్లో అప్పటికే జబ్బు రక్తం ద్వారా ఊపిరితిత్తులకు చేరిపోయి ఉంటుంది. రెండూ నిజమే. ఎక్స్‌రేలో కనబడాలంటే మచ్చ అరసెంటీమీటరు దాటి ఎదగాలి. సీటీ స్కాన్ ఇంకాస్త చిన్నవాటిని పట్టుకుంటుంది. విడివిడి కణాలను ఏ స్కానూ చూపదు.

జిల్లేడు కాయ పగిలి దూది గింజలు గాలికి ఎగిరాక చెట్టు కొట్టేస్తే ఏమవుతుంది? చెట్టు పోతుంది. ఎగిరిన గింజలు ఎక్కడ పడ్డాయో అక్కడ ఉంటాయి. కాలు తీశాక నాలుగైదు నెలలకు ఊపిరితిత్తుల్లో తేలేవి ఆ గింజలే, ఆపరేషన్ వల్ల పాకినవి కావు. "కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుంది" అనే మాట మన దగ్గర బాగా నాటుకుపోయింది. ఈ జబ్బు విషయంలో వరస తిరగేసి చూసినందువల్ల వచ్చిన అపోహ అది.

ఇదే జబ్బు మనుషుల్లో ఎక్కువగా ఎదిగే వయసు పిల్లలకు వస్తుంది, అదీ మోకాలి దగ్గరే. కెనడా కుర్రాడు టెర్రీ ఫాక్స్‌కు 1977లో, 18 ఏళ్ళ వయసులో, ఈ క్యాన్సర్‌కే కుడికాలు తీశారు. 1980లో కృత్రిమ కాలితో దేశం అడ్డంగా పరుగు మొదలుపెట్టాడు. 143 రోజుల తర్వాత ఊపిరితిత్తుల్లో జబ్బు బయటపడి ఆగిపోయాడు, మరుసటి ఏడాది చనిపోయాడు. కాలి లెక్క మూడేళ్ళ కిందటే ముగిసినా రెండో లెక్క లోపల నడుస్తూనే ఉంది.

ఈ రెండో లెక్క కోసమే కీమోథెరపీ. కాలు తీసి ఊరుకుంటే సగం కుక్కలు బతికే కాలం సుమారు 4, 5 నెలలు. కీమో కూడా ఇస్తే 9 నుంచి 12 నెలలు. ఐదింట ఒకటి, అంతకు కాస్త అటూ ఇటూగా, రెండేళ్ళు దాటుతుంది. ముందే ఊపిరితిత్తుల్లో మచ్చలు కనబడినా, రక్తంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము ఎక్కువగా ఉన్నా, గడ్డ భుజం దగ్గర ఉన్నా ఈ అంకెలు తగ్గుతాయి.

"10 నెలలు" అంటే గడువు కాదు

డాక్టరు "10 నెలలు" అనగానే ఇంట్లోవాళ్ళు క్యాలెండర్ చూస్తారు. అది మధ్యస్థం అనే అంకె, గడువు తేదీ కాదు. ఊహకు 11 కుక్కలను తీసుకుందాం. అవి బతికిన నెలలు వరసగా 3, 4, 5, 7, 9, 10, 12, 14, 19, 26, 38 అనుకోండి. సరిగ్గా మధ్యలో నిలబడ్డ ఆరో కుక్క 10 నెలలు బతికింది. "మధ్యస్థం 10 నెలలు" అంటే అర్థం ఇంతే. సగటు తీస్తే 13 నెలలు దాటుతుంది, చివరి రెండు కుక్కలు దాన్ని పైకి లాగాయి కనుక. ఆ పది నెలల కుక్క మీదే కావచ్చు, మూడు నెలలదీ కావచ్చు, మూడేళ్ళదీ కావచ్చు. ఏదవుతుందో ముందు చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరు.

కీమో: మనుషులకిచ్చేదే, ఇచ్చే ఉద్దేశం వేరు

క్యాన్సర్ వార్డుల్లో చూసిన వాంతులూ, రాలిన జుట్టూ గుర్తొచ్చి చాలామంది ఇక్కడే వెనక్కి తగ్గుతారు. కుక్కలకు ఎక్కువగా వాడేది కార్బోప్లాటిన్. మూడు వారాలకోసారి, నాలుగు నుంచి ఆరుసార్లు సెలైన్‌లో ఎక్కిస్తారు. డాక్సోరుబిసిన్ కూడా వాడతారు. అది మోతాదు మించితే గుండెను దెబ్బతీస్తుంది. మనుషుల్లో లక్ష్యం జబ్బును వేళ్ళతో పెకలించడం, అందుకోసం మనిషి తట్టుకోగలిగినంత మోతాదు ఇస్తారు. కుక్కల్లో లక్ష్యం మంచి రోజులు పెంచడం, కాబట్టి మోతాదు తక్కువ. చాలా కుక్కలు ఒకటి రెండు రోజులు తిండి తగ్గించి, విరేచనాలై, తేరుకుంటాయి. జుట్టు పెద్దగా రాలదు. పూడుల్, షిట్జూ లాంటి ఎడతెగకుండా జుట్టు పెరిగే జాతులకు మాత్రం పలచబడుతుంది. మీసాలు రాలడం మామూలే.

మోతాదు కిలోల లెక్కన కాకుండా శరీర వైశాల్యం లెక్కన వేస్తారు. కార్బోప్లాటిన్ సాధారణంగా చదరపు మీటరుకు 300 మిల్లీగ్రాములు. 34 కిలోల కుక్క శరీర వైశాల్యం సుమారు 1.06 చదరపు మీటర్లు, కాబట్టి దాదాపు 318 మిల్లీగ్రాములు. 10 కిలోల కుక్కకు వైశాల్యం 0.47, మోతాదు 141. బరువు 3.4 రెట్లున్నా మందు 2.3 రెట్లకు మించలేదు. కిలోల లెక్కన గుణిస్తే పెద్ద కుక్కకు 480 దాకా పడేది. ఇంట్లో కాగితం మీద వేసుకున్న అంకెలతో డాక్టరు మోతాదు సరిపోలకపోవడానికి కారణం ఇదే, పొరపాటు కాదు.

అసలు జాగ్రత్త పడాల్సింది మందు ఎక్కించిన రోజున కాదు. ఆ తర్వాత 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లరక్తకణాలు బాగా తగ్గుతాయి. ఆ రోజుల్లో ఒళ్ళు 103 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి కాలుతూ, తిండి మానేసి పడుకుంటే అది "కీమో నీరసం" కాకపోవచ్చు, రక్తంలో ఇన్ఫెక్షన్ కావచ్చు, గంటల్లో చూపించాల్సిన విషయం. కుక్కల ఒంటి వేడి మామూలుగానే 101 నుంచి 102.5 ఉంటుందని తెలియక మొదటి రోజే గాభరా పడేవాళ్ళూ ఉంటారు. మందు కొంత మూత్రంలో, మలంలో బయటికి వస్తుంది కనుక మొదటి రెండు మూడు రోజులు గ్లౌజులు వేసుకుని శుభ్రం చేయమంటారు, గర్భిణులనూ పసిపిల్లలనూ దూరంగా ఉంచమంటారు.

మొదటి నెల ఎలా గడుస్తుంది

రాజాని రెండో రోజు సాయంత్రం కారు వెనక సీటులో తెచ్చారు. సగం గుండు చేసిన ఒళ్ళు, భుజం నుంచి రొమ్ము దాకా కుట్లు. మరునాటికి పొట్ట కింద నేరేడుపండు రంగులో కమిలింది. పిన్నిగారు హడలిపోయి ఫోన్ చేశారు. కోసిన చోట కారిన రక్తం బరువుకు కిందికి దిగుతుంది. కమిలిన మచ్చ పసుపుపచ్చగా మారి వారం పది రోజుల్లో పోతుంది. కుట్ల కింద నీరు చేరి మెత్తటి తిత్తిలా ఊగడం కూడా తరచు జరిగేదే, చాలావరకు దానంతటదే ఇంకుతుంది. ఎర్రబడి, వేడెక్కి, చీము కారితే అది వేరే కథ.

మొదటి మూడు రాత్రులు వాడు నిద్రపోలేదు, ఎవర్నీ పోనివ్వలేదు. మూలుగు. ఇది నొప్పా, నొప్పికిచ్చిన నల్లమందు జాతి మందుల మత్తా అన్నది డాక్టర్లకే ఒక్కోసారి తేల్చడం కష్టం. నాలుగో రోజు దాకా దొడ్డికి వెళ్ళలేదు, అది కూడా ఆ మందుల పనే. పెరుగన్నం ముట్టలేదు గాని ఉడకబెట్టిన కోడిమాంసం చేత్తో పెడితే తిన్నాడు. చాలా ఇళ్ళలో "తప్పు చేశామేమో" అనే మాట ఈ మూడు నాలుగు రోజుల్లోనే వస్తుంది. వారం దాటాక అంతగా వినబడదు.

నొప్పి మందుల గురించి ఒక చిక్కు ఉంది. మన దగ్గర కుక్కలకు విరివిగా రాసే ట్రమడాల్, మనుషుల శరీరంలో గట్టిగా పనిచేసే రూపంలోకి మారుతుంది. కుక్కల్లో ఆ మార్పు చాలా తక్కువ. అందుకే దాన్నొక్కదాన్నే నమ్ముకోవడం మీద ఇప్పుడు అనుమానాలున్నాయి. మెలాక్సికమ్, కార్‌ప్రోఫెన్ లాంటివి, వాటితోపాటు నరాల నొప్పికి గాబాపెంటిన్, ఇలా కలిపి ఇస్తారు. ఇంట్లో డబ్బాలో ఉన్న ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కుక్క పొట్టనూ కిడ్నీలనూ దెబ్బతీస్తాయి. "బెణుకు"కని ముందెప్పుడో స్టెరాయిడ్ ఇంజెక్షన్ పడి ఉంటే ఆ మాట కొత్త డాక్టరుకు చెప్పకపోవడం పెద్ద ప్రమాదం. స్టెరాయిడ్ మీద మెలాక్సికమ్ పడితే పేగుల్లో పుండ్లు పడి రక్తం పోవచ్చు.

లేని కాలు నొప్పి పెట్టడం మనుషుల్లో రుజువైన సంగతి. కుక్కను అడగలేం. కానీ నిద్రలోంచి ఉలిక్కిపడి అరవడం, కుట్ల వైపు గబుక్కున తిరిగి చూడటం, ఆ చోటి కండ అదరడం కనిపిస్తే అదే అనుకుని చికిత్స చేస్తారు. కోయడానికి ముందే నరానికి మత్తు సూది వేయడం, గాబాపెంటిన్ కొన్నాళ్ళు కొనసాగించడం అందుకే.

ఇంట్లో అసలు శత్రువు నేల. మనకు అన్నీ నున్నటి టైల్సూ, గ్రానైటూ. నాలుగు కాళ్ళ కుక్కే జారుతుంది. పిన్నిగారు హాల్లోంచి వరండా దాకా గోనె సంచులు కలిపికుట్టి పరిచేశారు. చూడ్డానికి బియ్యం మిల్లులా ఉండేది గాని పని చేసింది. అరికాలి మెత్తల మధ్య జుట్టు కత్తిరించారు. గిన్నె పీట మీద పెట్టారు. పొట్ట కింద పాత తువ్వాలు వేసి ఇద్దరు అటూ ఇటూ పట్టుకుని బయటికి నడిపించారు.

ఆరో రోజున చూశాను, వాడు పరిగెత్తుతున్నాడు, నడవడం మాత్రం రావట్లేదు. మూడు కాళ్ళవాటికి ఊపు మీద గెంతడం తేలిక. నెమ్మదిగా నడవడం, కదలకుండా నిలబడటం కష్టం. మునుపటిలా వెనక్కాలెత్తి స్తంభం తడపబోయి రెండుసార్లు పక్కకు ఒరిగాడు, మూడోసారి నుంచి ఆడకుక్కలా వంగి కానిచ్చేశాడు. 12వ రోజున కుట్లు తీశారు. మూడు, నాలుగు వారాల్లో చాలా కుక్కలు తమ తమ పద్ధతి కనిపెట్టేసుకుంటాయి. ఆపరేషన్ ఏప్రిల్లో అయింది కాబట్టి రాజాకి ఎండ ఇంకో పరీక్ష. గెంతుడు నడకకు శ్రమ ఎక్కువ, త్వరగా వగరుస్తాడు. ఉదయం ఆరున్నరలోపే వాకింగ్ ముగిసేది.

వాదనలు: ఎవరి కుందేటికి ఎన్ని కాళ్ళు

ఈ విషయంలో ఎవరికి వారు తాము పట్టిన కుందేటికి మూడే కాళ్ళంటారు. కాని ప్రతి వాదన వెనకా కొంత నిజం ఉంది.

"కొద్ది నెలల కోసం కాలు తీయడం క్రూరం" అన్నది ఒకటి. ఆపరేషన్ బాధ కొన్ని రోజులు, లేకపోతే పడే ఎముక నొప్పి చివరిదాకా, అన్నది దానికి జవాబు. కాలు తీయించిన యజమానులను అడిగిన సర్వేల్లో అత్యధికులు మళ్ళీ అదే నిర్ణయం తీసుకుంటామన్నారు. అయితే సరేనని ఒప్పుకున్నవాళ్ళనే అడిగిన సర్వేలవి. వద్దనుకున్నవాళ్ళ మాట అందులో లేదు. ఊపిరితిత్తుల్లో ఇప్పటికే పెద్ద మచ్చలున్న కుక్క విషయంలో ఈ వాదనకు బలం పెరుగుతుంది.

కాలు తీయకుండా నొప్పి తగ్గించే దారులూ ఉన్నాయి. రేడియేషన్ రెండు మూడు విడతలు ఇస్తే చాలా కుక్కలకు కొన్ని నెలలు నొప్పి తగ్గుతుంది; మన దేశంలో జంతువులకు ఆ సదుపాయం చాలా అరుదు. మనుషుల ఎముకల జబ్బులకు వాడే జోలెడ్రోనిక్ ఆమ్లం ఎముక తరుగుదలను నెమ్మదింపజేస్తుంది, అది మందుల షాపుల్లో దొరుకుతుంది. ఎముక విరిగే భయం మాత్రం అలాగే ఉంటుంది. నొప్పి తగ్గిందని కుక్క దూకడం మొదలెడితే ఇంకా ఎక్కువ.

కాలు ఉంచి గడ్డ ఉన్న ఎముక ముక్క మాత్రమే తీసి లోహపు ప్లేటుతోనో మరో ఎముకతోనో అతికే పద్ధతి అమెరికాలో కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయంలో బాగా అభివృద్ధి చెందింది. మణికట్టు పైన వచ్చే గడ్డలకు ఎక్కువగా పనికొస్తుంది. ఆయువు పెంచదు, ఖర్చూ చిక్కులూ పెంచుతుంది. దాదాపు సగం కుక్కల్లో ఆ చోట ఇన్ఫెక్షన్ వస్తుంది. విచిత్రం ఏమిటంటే ఆ ఇన్ఫెక్షన్ వచ్చిన కుక్కలే రానివాటి కంటే ఎక్కువ కాలం బతికినట్టు ఒకటికి మించిన అధ్యయనాల్లో తేలింది. సూక్ష్మజీవులతో పోరుకు లేచిన రోగనిరోధక శక్తి క్యాన్సర్ కణాల మీదా పడుతుందని అంచనా. 1891లో న్యూయార్క్ సర్జన్ విలియమ్ కోలీ సార్కోమా రోగికి సూక్ష్మజీవులను ఎక్కించి చూసిన ఆలోచనే ఇది. ఆ దారిలోనే మిఫామర్టైడ్ అనే మందు వచ్చింది. 1980ల్లో కాలు తీసిన కుక్కల మీద మంచి ఫలితం చూపింది. 2009లో యూరప్‌లో మనుషుల ఎముక క్యాన్సర్‌కు అనుమతి పొందింది. కుక్కల మీద తేలింది పిల్లలకు చేరింది గాని, అదే మందు తిరిగి కుక్కల ఆస్పత్రులకు మామూలుగా రాలేదు. ఆశ పెట్టుకున్నవన్నీ ఫలించలేదు కూడా. కీమో తర్వాత రాపామైసిన్ అనే మందు ఇస్తే ఆయువు పెరుగుతుందేమోనని అమెరికాలో 300 పైచిలుకు కుక్కల మీద చూశారు. 2021లో ఫలితం వచ్చింది, తేడా లేదు.

ఇక ఖర్చు. ఆపరేషన్ ఒకసారి అయ్యేది, కీమో ప్రతి మూడు వారాలకూ రక్తపరీక్షలతో సహా. రెండూ కలిపి ఒకే ప్యాకేజీ అనుకుని భయపడి రెండూ మానేసేవాళ్ళున్నారు. విడదీయవచ్చు: నొప్పి పోవడానికి కాలు తీయించి, కీమో వద్దనుకోవడం కూడా వైద్యపరంగా సమర్థించదగ్గ నిర్ణయమే. రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి పశువైద్య కళాశాలల ఆస్పత్రులు ఉన్నాయి కనుక ఆపరేషన్‌కు ప్రైవేటు ఒక్కటే దారి కాదు. తిరగేసి చేయడం, అంటే కాలు ఉంచి కీమో మాత్రం ఇవ్వడం వల్ల నొప్పి అక్కడే ఉంటుంది. పసుపు పాలూ, ఆకుపసర్లూ ఆయువు పెంచాయన్న ఆధారం కుక్కల ఎముక క్యాన్సర్‌లో లేదు. అన్నంలో చిటికెడు పసుపుతో నష్టమూ లేదు, దాని కోసం నొప్పి మందు మానేయనంత వరకు.

రెండో లెక్క బయటపడేటప్పుడు

ఊపిరితిత్తుల్లో జబ్బు పెరిగితే దగ్గు వస్తుందని ఎదురుచూస్తారు. చాలా కుక్కల్లో దగ్గు ఆలస్యంగా వస్తుంది, కొన్నిట్లో రానే రాదు. ముందుగా కనిపించేది తిండి మీద విముఖత, త్వరగా అలిసిపోవడం. కొన్నిట్లో ఇంకా వింతగా, మిగిలిన కాళ్ళు వాచి వేడెక్కుతాయి. రొమ్ములో గడ్డ పెరిగినప్పుడు కాళ్ళ ఎముకల పైపొర దళసరి కావడం వల్ల వచ్చే వాపు అది. "పాపం, మూడు కాళ్ళ మీద బరువు ఎక్కువైంది" అనుకుని నూనె రాసేవాళ్ళుంటారు. అందుకే కీమో అయిపోయాక కూడా రెండు మూడు నెలలకోసారి రొమ్ము ఎక్స్‌రే తీస్తారు.

చాలించే వేళ ఎప్పుడన్నది కొలవడానికి అమెరికా పశు క్యాన్సర్ వైద్యురాలు అలిస్ విల్లలోబోస్ ఒక పట్టిక తయారుచేశారు. నొప్పి, ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, ఉల్లాసం, కదలిక, చెడ్డ రోజుల కంటే మంచి రోజులు ఎక్కువా కాదా, ఈ ఏడింటికీ సున్నా నుంచి పది దాకా మార్కులు. మొత్తం 70లో 35 దాటితే బతుకు ఫరవాలేదు అని అర్థం. అంకె కంటే అది ఇంట్లో నలుగురినీ ఒకే విషయం మాట్లాడేలా చేయడమే దాని లాభం అనిపిస్తుంది. ఒకరు తిండి చూస్తారు, ఒకరు తోక చూస్తారు, ఎవరి మార్కులు వారివి.

పిన్నిగారింట్లో పట్టిక లేదు. వాళ్ళమ్మాయి వంటింటి గోడ మీది తెలుగు క్యాలెండర్‌లో, తిథి పక్కన, మంచిరోజుకు నీలం చుక్క, చెడ్డరోజుకు ఎర్రచుక్క పెట్టేది. ఏప్రిల్ మొదటివారం అంతా ఎరుపు. జూన్ చివర నాలుగో కీమో అయ్యేదాకా మూడు వారాలకోసారి రెండేసి ఎర్రచుక్కలు. ఆ తర్వాత వినాయక చవితి, దసరా, దీపావళి పేజీలు దాదాపు అన్నీ నీలం. దీపావళి రాత్రి ఒక్కటి ఎరుపు, అది టపాకాయల వల్ల. సంక్రాంతికి కొత్త క్యాలెండర్ తగిలించారు. భోగి నాడు వెనక్కాళ్ళు వాచాయి, మరుసటి వారం ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తుల్లో ఐదు మచ్చలు. శివరాత్రికి ముందు వరసగా నాలుగు రోజులు ఎర్రచుక్కలు పడ్డాయి. ఐదో రోజు పొద్దున్నే ఆ అమ్మాయే డాక్టరుకు ఫోన్ చేసింది, ఆయన ఇంటికే వచ్చి, వరండాలో గోనె సంచి మీద కూర్చుని ఇంజెక్షన్ ఇచ్చాడు. ఆ గడిలో ఏ రంగూ లేదు.